బ్యాటరీకి ఆయుష్షు తీరితే ఫోన్‌కు ఎందుకు తీరాలి?

సభకు నమస్కారం.

వినియోగదారుల సంఘాల మిత్రులు, ఇంజనీరింగ్ విద్యార్థులు, వారితో పాటు అబిడ్స్ జగదీశ్ మార్కెట్ నుంచీ కోఠి గుజరాతీ గల్లీ నుంచీ వేళకు ముందే షట్టర్లు దించి వచ్చిన రిపేరు పనివారు ఒకే సభలో కూర్చోవడం నాకు చాలా సంతోషంగా ఉంది. మనం ఈ సాయంత్రం మాట్లాడుకోబోయే విషయంలో, చట్టాల ముసాయిదాలు రాసేవారికి తెలిసిన దానికంటే ఈ చివరి వరుసల్లో కూర్చున్నవారికి తెలిసినదే ఎక్కువ. నేను చెప్పేదాంట్లో ఎక్కడ తప్పున్నా వారు సరిదిద్దాలని ముందే కోరుతున్నాను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఫోన్‌లోని భాగాలన్నిటిలోకీ ముందుగా అరిగిపోతుందని తయారు చేసేనాడే తెలిసిన భాగం బ్యాటరీ. దానిని మార్చడానికి వీల్లేకుండా జిగురుతో అంటించి మూసేస్తే ఫోన్ మొత్తానికి బ్యాటరీ ఆయుష్షే ఆయుష్షు అవుతుంది. ఈ నిర్ణయం కంపెనీ డిజైన్ విభాగంలో జరిగిపోతుంది కనుక, కౌంటర్ దగ్గర డబ్బు కట్టే మనిషికి దాని మీద బేరమాడే అవకాశమే లేదు. అందుకే ఇక్కడ ప్రభుత్వం కల్పించుకోవాలి. కల్పించుకోవడమంటే పెట్టె మీద ఒక అంకె ముద్రించమని చెప్పడం కాదు, వస్తువు ఎలా తయారు కావాలో చెప్పడం.

బ్యాటరీ ఎందుకు అరుగుతుందో ముందు చూద్దాం. లిథియం అయాన్ బ్యాటరీని 1991లో సోనీ సంస్థ తొలిసారి మార్కెట్లోకి తెచ్చింది. దానికి పునాదులు వేసిన జాన్ గుడినఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకీరా యోషినోలకు 2019లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. ఛార్జింగ్ పెట్టినప్పుడు లిథియం అయాన్లు ఒక వైపు నుంచి బయలుదేరి రెండో వైపున్న గ్రాఫైట్ పొరల్లోకి చేరతాయి. ఫోన్ వాడుతున్నప్పుడు వచ్చిన దారినే వెనక్కి వెళ్తాయి. ఈ రాకపోకల్లో గ్రాఫైట్ ఉపరితలం మీద ఒక పలుచని పొర ఏర్పడుతుంది. ఆ పొర లేకపోతే బ్యాటరీ నిలవదు, కానీ అది మందమయ్యే కొద్దీ కొంత లిథియం అందులోనే చిక్కుకుపోయి ఇక పనికి రాకుండా పోతుంది. వేడి ఎక్కువైనా, నిండుగా ఛార్జ్ ఎక్కిన స్థితిలో గంటల తరబడి ఉంచినా ఈ పని వేగంగా జరుగుతుంది. లోపలి ద్రవం విడిపోయి వాయువులు పుడితే బ్యాటరీ ఉబ్బుతుంది. ఉబ్బిన బ్యాటరీ డిస్‌ప్లేను పైకి నెట్టేసిన ఫోన్‌ను ఈ సభలో చూడనివారు ఉండరనుకుంటాను. ఇదంతా తయారీ లోపం కాదు, ఆ రసాయనానికి సహజమైన గుణం. ఎంత పేరున్న కంపెనీ అయినా, ఎంత ఖరీదైన ఫోన్ అయినా దీనికి మినహాయింపు లేదు.

ఈ గుణానికి హైదరాబాద్ ఎండ తోడైతే ఏమవుతుందో ఆలోచించండి. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. భోజనం పార్సిళ్లు అందించే కుర్రవాడు బైకు హ్యాండిల్‌కు ఫోన్ బిగించి, మ్యాప్ తెరిచి, వెలుతురు పూర్తిగా పెంచి, పక్కనే పవర్ బ్యాంకు తగిలించుకుని మధ్యాహ్నమంతా ఎండలోనే తిరుగుతాడు. ఎండ వేడి, ప్రాసెసర్ వేడి, ఛార్జింగ్ వేడి మూడూ ఒకేసారి ఆ బ్యాటరీ మీద పడతాయి. నూరు శాతం కరెంటు వాడుకుని మళ్లీ అంతా నింపితే దానిని ఒక సైకిల్ అని లెక్కిస్తారు. రోజుకు ఒకటిన్నర సైకిల్ వాడే ఇలాంటి మనిషికి, యూరప్ నిబంధనలు మన్నికకు కొలతగా పెట్టిన 800 సైకిళ్లు ఏడాదిన్నర లోపే పూర్తవుతాయి. ఆ లెక్కలో ఎండ సంగతి ఇంకా కలపలేదు. ఈయన ఫోన్ ఆగితే ఆ రోజు సంపాదన ఆగుతుంది. బ్యాటరీ మార్చుకునే హక్కు గురించి మాట్లాడుతున్నప్పుడు నా కళ్ల ముందుండేది ఈ మనిషే. రెండేళ్లకొకసారి సరదాకి కొత్త మోడల్ కొనుక్కోగలిగిన వారి గురించి నాకు పెద్దగా బెంగ లేదు.

ఫోన్లు ఎప్పుడూ ఇలా మూసుకుని లేవు. 2007లో వచ్చిన మొదటి ఐఫోన్‌కు బ్యాటరీ తీసే మూత లేదు. అప్పట్లో అది వింత. ఆ తర్వాత పదేళ్లలో దాదాపు అందరూ అదే దారి పట్టారు. ఆ 2007లోనే జరిగిన మరో సంగతి మీలో కొందరికి గుర్తుండవచ్చు. నోకియా ఫోన్లలో వాడే బీఎల్-5సీ బ్యాటరీల్లో, 2005 డిసెంబరు నుంచి 2006 నవంబరు దాకా మత్సుషితా సంస్థ తయారు చేసినవి కొన్ని ఛార్జింగ్ సమయంలో విపరీతంగా వేడెక్కుతున్నాయని తేలింది. అనుమానం ఉన్న బ్యాటరీలు 4.6 కోట్లు. నోకియా చేసిందేమిటంటే, మూత తీసి బ్యాటరీ మీదున్న నంబరు చూసుకోండి, ఆ వరుసలోదైతే కొత్త బ్యాటరీ ఉచితంగా ఇస్తాం అని ప్రకటించడం. ఫోన్ ఎవరి దగ్గరిది వారి దగ్గరే ఉంది. అందులోని నంబర్లు, మెసేజ్‌లు చెక్కుచెదరలేదు.

తొమ్మిదేళ్ల తర్వాత, 2016లో, శాంసంగ్ గెలాక్సీ నోట్ 7 ఫోన్ల బ్యాటరీలు మంటలంటుకున్నాయి. ఈసారి సంఖ్య సుమారు 25 లక్షలు మాత్రమే, బీఎల్-5సీతో పోలిస్తే చాలా తక్కువ. అయినా ఫోన్లకు ఫోన్లే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. బదులుగా ఇచ్చిన ఫోన్లూ కాలడంతో అక్టోబరులో ఆ మోడల్‌నే ఆపేశారు. రెండు వేర్వేరు సరఫరాదారుల బ్యాటరీల్లో రెండు వేర్వేరు లోపాలున్నాయని 2017 జనవరిలో కంపెనీయే వెల్లడించింది. బ్యాటరీ ఊడివచ్చేదై ఉంటే ఆ లోపాలు ఉండేవి కావని నేననను. కానీ లోపం ఒక చిన్న భాగంలో ఉంటే, ఆ భాగాన్ని మాత్రమే వెనక్కి రప్పించగలగడానికీ, నిక్షేపంగా ఉన్న స్క్రీన్లు, కెమెరాలు, చిప్‌లతో సహా అన్నిటినీ వదులుకోవడానికీ ఉన్న తేడా ఈ రెండు సంఘటనల్లో కనిపిస్తుంది. మూసేసిన ఫోన్లే సురక్షితం అని ఎవరైనా అన్నప్పుడు నాకు ఈ రెండూ గుర్తుకొస్తాయి.

ఇప్పుడు షాపు కౌంటర్ వెనక్కి వెళ్దాం. అంటించేసిన ఫోన్‌లో బ్యాటరీ మార్చడమంటే ఏమిటో చట్టం గురించి మాట్లాడే ప్రతివారూ ఒక్కసారైనా దగ్గరుండి చూడాలి. ముందు ఫోన్ వీపును హీట్ ప్లేట్ మీద ఉంచి, అంచుల్లోని జిగురు మెత్తబడేదాకా వేడిచేస్తారు. లోపల ఉన్నది వేడికి గిట్టని బ్యాటరీ అని మరిచిపోకండి. తర్వాత రబ్బరు సక్షన్ కప్పుతో వెనక గాజును కాస్త పైకి లాగి, ఏర్పడిన సందులోకి పలుచని ప్లాస్టిక్ ముక్కను దూర్చి నాలుగు వైపులా నెమ్మదిగా తిప్పుతారు. ఒక వెంట్రుకవాసి ఎక్కువ లోపలికి పోతే కిందనున్న ఫ్లెక్స్, అంటే పలుచని తీగల పట్టీ, తెగుతుంది, ఒక మూల బలం ఎక్కువైతే బ్యాక్ గ్లాస్ పగులుతుంది. మూత వచ్చాక బ్యాటరీ అడుగున మళ్లీ జిగురు. కొన్ని మోడళ్లలో లాగడానికి పట్టీలుంటాయి, అవి సగంలోనే తెగిపోతుంటాయి. అప్పుడు జిగురును వదులుచేసే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్కలు చుక్కలుగా పోసి, అది లోపలికి ఇంకేదాకా ఆగి, ప్లాస్టిక్ పట్టీతో బ్యాటరీని వంగకుండా లేపాలి. వంగితే లోపలి పొరలు ఒకదానికొకటి తగిలి పొగ రావచ్చు. ఇదంతా చేసి, కొత్త బ్యాటరీ పెట్టి, మూత అంటించి ఇచ్చాక కూడా, ఫోన్ నీళ్లకు మునుపటిలా తట్టుకుంటుందని ఆ పనివాడు హామీ ఇవ్వలేడు.

ఇంతవరకూ చేతిపని. దీని తర్వాత వచ్చేది ఇంకా పెద్ద అడ్డంకి. కొన్ని కంపెనీల ఫోన్లలో బ్యాటరీకి అతికి ఉండే చిన్న సర్క్యూట్ బోర్డులో ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. బయట బ్యాటరీ మారిస్తే ఫోన్ ఆ సంఖ్యను పోల్చుకుని, ఇది అసలైన భాగం అవునో కాదో తెలియడం లేదని తెర మీద హెచ్చరిక చూపిస్తుంది, కొన్ని మోడళ్లలో బ్యాటరీ ఆరోగ్యం ఎంతో చూపించడం మానేస్తుంది. వినియోగదారుడు ఆ హెచ్చరిక చూసి షాపువాడు మోసం చేశాడనుకుంటాడు. ఆ నింద పడలేక చాలామంది పనివారు పాత బ్యాటరీ నుంచి ఆ బోర్డును కత్తిరించి, కొత్త సెల్‌కు స్పాట్ వెల్డింగ్ చేస్తున్నారు. లిథియం సెల్ మీద చిన్న షాపు బల్లపై వెల్డింగ్ చేయడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు. ఈ ప్రమాదాన్ని సృష్టించింది పనివాడి నిర్లక్ష్యం కాదు, భద్రత పేరుతో పెట్టిన సాఫ్ట్‌వేర్ తాళం. అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రం 2024లో చేసిన చట్టం సరిగ్గా ఇలాంటి తాళాలనే నిషేధించింది.

బ్యాటరీ బలహీనపడిన సంగతి వినియోగదారుడికి తెలియకపోతే ఏమవుతుందో 2017 డిసెంబరులో ప్రపంచమంతా చూసింది. బ్యాటరీ పాతబడిన ఐఫోన్లు హఠాత్తుగా ఆగిపోకుండా వాటి వేగాన్ని సాఫ్ట్‌వేర్ ద్వారా తగ్గిస్తున్నామని ఆపిల్ అప్పుడు ఒప్పుకుంది. సాంకేతికంగా ఆ పనికి కారణం ఉంది, అది కాదనను. కానీ ఫోన్ నెమ్మదించింది కనుక కొత్తది కొనాల్సిందేనని అనుకున్న మనిషికి, బ్యాటరీ ఒక్కటి మారిస్తే మళ్లీ వేగం వస్తుందని చెప్పినవారు లేరు. ఆ తర్వాత అమెరికాలో బ్యాటరీ మార్పిడి ధరను 79 డాలర్ల నుంచి 29 డాలర్లకు తగ్గించారు. ఈ సంగతి వినియోగదారులకు తెలియజేయనందుకు ఫ్రాన్స్ 2020లో 2.5 కోట్ల యూరోల జరిమానా వేసింది.

ఇక యూరప్ ఏం చేసిందో చూద్దాం. యూరోపియన్ యూనియన్ 2023 జులైలో కొత్త బ్యాటరీ నిబంధనలను ఆమోదించింది. అందులో 11వ అధికరణం 2027 ఫిబ్రవరి 18 నుంచి అమలవుతుంది. వస్తువుల్లో ఉండే చిన్న బ్యాటరీలను వినియోగదారుడే తేలిగ్గా తీసి మార్చుకోగలగాలి, అందుకు బజారులో దొరికే పనిముట్లు చాలాలి, ప్రత్యేకమైన పనిముట్టే కావలసివస్తే దానిని వస్తువుతో పాటు ఉచితంగా ఇవ్వాలి, వేడిచేయడం, ద్రావకాలు పోయడం అవసరం కాకూడదు అని అందులో ఉంది. ఇందాక నేను చెప్పిన హీట్ ప్లేటునూ, ఆల్కహాల్ చుక్కలనూ ఒకసారి గుర్తుచేసుకుంటే ఆ వాక్యం రాసినవారు ఏ బల్ల దగ్గర నిలబడి రాశారో అర్థమవుతుంది. మోడల్ అమ్మకం ఆగిన తర్వాత కూడా ఐదేళ్ల పాటు విడి బ్యాటరీలు సమంజసమైన ధరకు దొరకాలి, సరిపోయే బ్యాటరీ పెట్టుకోకుండా సాఫ్ట్‌వేర్‌తో అడ్డుకోకూడదు అని కూడా ఉంది. తడిలోనే వాడే పరికరాలకు, కొన్ని వైద్య పరికరాలకు సడలింపులున్నాయి, అవి సబబే.

దీనికి తోడు ఫోన్లకూ ట్యాబ్లెట్లకూ విడిగా చేసిన ఎకోడిజైన్ (పర్యావరణహిత డిజైన్) నిబంధనలు 2025 జూన్ 20 నుంచి అక్కడ అమల్లోకి వచ్చాయి. 800 సైకిళ్ల తర్వాత కూడా బ్యాటరీలో 80 శాతం సామర్థ్యం మిగలాలి. అమ్మకం ఆగాక ఏడేళ్ల పాటు ముఖ్యమైన విడిభాగాలు, కనీసం ఐదేళ్ల పాటు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లు అందాలి. అయితే ఇందులో కంపెనీలకు ఒక పక్కదారి ఉంది. 500 సైకిళ్ల తర్వాత 83 శాతం, 1,000 సైకిళ్ల తర్వాత 80 శాతం సామర్థ్యం నిలిచి, ఒక మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకునే ఫోనైతే, బ్యాటరీని వినియోగదారుడు స్వయంగా మార్చుకునే వీలు కల్పించకపోయినా ఫరవాలేదు, వృత్తి నిపుణులు మార్చగలిగితే చాలు. ఖరీదైన ఫోన్లకు ఈ సడలింపు బాగా కలిసివస్తుంది. నా అభిప్రాయంలో మన దేశం ఈ సడలింపును ఉన్నదున్నట్టు తెచ్చుకోనక్కర్లేదు, ఎందుకో కాసేపట్లో చెబుతాను.

కంపెనీలు చెప్పే మొదటి అభ్యంతరం నీటి గురించే. మూత ఊడివచ్చేలా చేస్తే నీళ్లు లోపలికి వెళ్తాయంటారు. 2014లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ఎస్5 వెనక మూత గోరుతో తీయవచ్చు, అయినా దానికి ఐపీ67 అనే స్థాయి నీటి రక్షణ ఉంది. అదే సంస్థ కార్మికుల కోసం, గిడ్డంగుల కోసం తయారు చేసే ఎక్స్‌కవర్ 6 ప్రో ఫోన్‌లో బ్యాటరీ ఊడివస్తుంది, రక్షణ ఇంకా పై స్థాయి, ఐపీ68. అంటే చేతకాక కాదు, అందరికీ చేయడం ఇష్టం లేక. ఫోన్ కొంచెం మందంగా అవుతుందన్నది నిజమే, ఆ కొంచెం మందం గురించి నా దగ్గరకు వచ్చి బాధపడినవారిని నేనింతవరకు చూడలేదు. జిగురు తప్పదనుకున్నా దారులున్నాయి. ఐఫోన్ 16లో బ్యాటరీని పట్టి ఉంచే జిగురుకు తొమ్మిది వోల్టుల కరెంటు తగిలిస్తే ఒకటి రెండు నిమిషాల్లో అదే వదిలేస్తుంది. చట్టం దగ్గరికొస్తోందని తెలిస్తే ఇంజనీర్లు ఎంత చక్కగా ఆలోచించగలరో ఇది చూపిస్తుంది.

ఇక్కడ ఒక ప్రశ్న సహజంగా వస్తుంది. యూరప్ చట్టం చేసింది కదా, కంపెనీలు ప్రపంచమంతటికీ ఒకే ఫోన్ చేస్తాయి కదా, మనం ఊరికే కూర్చున్నా ఆ ప్రయోజనం మనకూ వస్తుంది కదా అని. ఛార్జింగ్ పోర్టు విషయంలో అలాగే జరిగింది. యూరప్ 2024 డిసెంబరు 28 నుంచి ఫోన్లన్నిటికీ యూఎస్‌బీ టైప్-సీ పోర్టు తప్పనిసరి చేస్తే, అంతకు ముందే 2023లో వచ్చిన ఐఫోన్ 15కు ఆ పోర్టు వచ్చింది. మన ఆబిడ్స్‌లో కొన్నా, ప్యారిస్‌లో కొన్నా అదే పోర్టు.

ఈ ఆశ మీద ఆధారపడవద్దని నేను గట్టిగా చెబుతున్నాను. పోర్టు అనేది ఫోన్‌తో పాటే వచ్చేస్తుంది. విడి బ్యాటరీ అలా రాదు. అమ్మకం ఆగిన ఐదేళ్ల దాకా బ్యాటరీ అమ్మాలన్న బాధ్యత, అది సమంజసమైన ధరకు అమ్మాలన్న షరతు యూరప్‌లో అమ్మే వస్తువులకు, యూరప్ వినియోగదారులకు వర్తిస్తాయి. ఆ బ్యాటరీ నల్లగొండకో, మహబూబ్‌నగర్‌కో చేర్చాలని ఆ యూరప్ చట్టం ఎవరినీ కట్టడి చేయదు. ఇంతకంటే ముఖ్యమైన సంగతి, మన దగ్గర పది వేల రూపాయల లోపు అమ్ముడయ్యే మోడళ్లలో చాలా వాటికి యూరప్ ముఖమే తెలియదు. అవి మన బోటి దేశాల కోసమే తయారవుతాయి. కనుక యూరప్ చట్టం వల్ల మనకు ఏదైనా ప్రయోజనం వస్తే అది లక్ష రూపాయల ఫోన్ కొన్నవారికి ముందుగా వస్తుంది, ఎనిమిది వేల ఫోన్ మీద కుటుంబం నడుపుకునేవారికి రానే రాదు. మన చట్టం మనమే చేసుకోవాలనడానికి నాకు ఈ ఒక్క కారణం చాలు.

మన ప్రభుత్వం ఏమీ చేయలేదని అనడం న్యాయం కాదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు, గృహోపకరణాలు, వాహనాలు అనే నాలుగు రంగాలను ఎంచుకుంది. అదే ఏడాది డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించారు. 2024 సెప్టెంబరులో వేసిన మరో కమిటీ 2025 మే నెలలో నివేదిక ఇచ్చింది. ఫోన్లకూ ట్యాబ్లెట్లకూ ముందుగా మరమ్మతు సూచిక ఇవ్వాలని, ఆ సూచిక షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ కొనేవారికి కనిపించాలని అది సిఫారసు చేసింది. విప్పడం ఎంత సులువు, విడిభాగాలు దొరుకుతాయా, మరమ్మతు సమాచారం ఇస్తారా, అప్‌డేట్‌లు ఎంతకాలం వస్తాయి వంటివి చూసి మార్కులు వేస్తారు. ఫ్రాన్స్ 2021 జనవరిలోనే ఇలాంటి సూచికను అమల్లోకి తెచ్చింది.

సూచిక మంచి మొదటి అడుగు. కానీ ఆ మార్కులు వేసుకునేది ఆ కంపెనీయే. స్వీయ ప్రకటన మీద నడిచే సూచికకు తనిఖీ లేకపోతే అది కంటితుడుపుగా మిగిలిపోతుంది. తనిఖీ ఉన్నా మరో చిక్కుంది. పది వేల లోపు దొరికే స్మార్ట్‌ఫోన్లు దాదాపు అన్నీ అంటించేసినవే అయినప్పుడు, వాటిలో ఒకదానికి నాలుగు మార్కులు, ఇంకోదానికి ఐదు మార్కులు వచ్చాయని తెలుసుకుని కొనేవారు ఏం చేయాలి? ఎంచుకోవడానికి మంచిది ఒక్కటైనా ఉన్నప్పుడే సమాచారం పనికొస్తుంది. కరెంటు పరికరాల భద్రత విషయంలో మనం షాకు కొట్టే అవకాశం ఎంతో పెట్టె మీద రాయండి అని ఊరుకోలేదు, ఫలానా ప్రమాణానికి తగ్గితే అమ్మవద్దన్నాం. లిథియం బ్యాటరీలకు కూడా భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) రిజిస్ట్రేషన్ తప్పనిసరి, వాటికి ఐఎస్ 16046 అనే ప్రమాణం ఉంది. అయితే ఆ ప్రమాణం భద్రతకు సంబంధించినది. బ్యాటరీ ఎన్నాళ్లు మన్నాలి, ఎలా ఊడిరావాలి అన్నది దాని పరిధిలో లేదు. ఆ ఖాళీని పూరించమనే నేనడుగుతున్నాను.

విడిభాగాల విషయంలో మన దేశంలోనే ఒక గట్టి ఉదాహరణ ఉంది. అసలైన విడిభాగాలు, లోపాలు కనిపెట్టే పరికరాలు బయటి మెకానిక్‌లకు అందకుండా చేశారని 14 కార్ల కంపెనీల మీద, మార్కెట్లో పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఆ ఉత్తర్వు మీద అప్పీళ్లు నడిచాయి, ఆ చరిత్ర వేరు. అధీకృత సర్వీసు సెంటర్ బయట కూర్చున్న మెకానిక్‌కు కూడా భాగం కొనే హక్కుందన్న సూత్రాన్ని మన దేశపు సంస్థే 2014లోనే అంగీకరించింది. కారుకు వర్తించిన సూత్రం ఫోన్‌కు వర్తించకపోవడానికి నాకు కారణం కనిపించదు.

వ్యర్థాల సంగతి కొద్దిగా చెప్పి ముందుకు వెళ్తాను. 2022లో ప్రపంచమంతటా 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగైతే, పద్ధతి ప్రకారం సేకరించి శుద్ధి చేసినట్టు లెక్కకు వచ్చినది 22.3 శాతమే. మన దగ్గర 2022 నాటి ఈ-వ్యర్థాల నియమాలు, బ్యాటరీ వ్యర్థాల నియమాలు తయారీదారు మీద బాధ్యత పెట్టాయి. చర్లపల్లిలోని కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీ-మెట్ పాత సర్క్యూట్ బోర్డుల నుంచి లోహాలు రాబట్టే పద్ధతుల మీద మంచి కృషి చేస్తోంది. అయితే రీసైక్లింగ్ యూనిట్లో ఫోన్‌ను ముక్కలు చేసే ముందు బ్యాటరీ తీసేయాలి, తీయకపోతే యంత్రంలో నలిగి మండుతుంది. జిగురుతో అంటుకున్న బ్యాటరీని అక్కడ కూలీ మనిషి ఒక్కొక్కటిగా పెకలించాలి. రిపేరు బల్ల దగ్గర కష్టమైనది తుక్కు దగ్గరా కష్టమే.

మన చట్టంలో ఏముండాలన్నది ఇక చెబుతాను. యూరప్ 11వ అధికరణంలోని ముఖ్యమైన మూడు మాటలు, అంటే వేడి, ద్రావకం అవసరం లేకుండా తీయగలగడం, విడి బ్యాటరీ ఐదేళ్లు దొరకడం, సాఫ్ట్‌వేర్‌తో అడ్డుకోకపోవడం, మనమూ తీసుకోవాలి. కానీ బ్యాటరీ మన్నికను ప్రయోగశాలలోని చల్లని గదిలో మాత్రమే పరీక్షిస్తే మనకు సరిపోదు. 40 డిగ్రీల దగ్గర కూడా పరీక్షించి, ఆ ఫలితాన్ని చెప్పాలి. ఇందాక సడలింపు మనకు అక్కర్లేదన్నది ఇందుకే. సమశీతోష్ణ దేశంలో 1,000 సైకిళ్లు నిలిచే బ్యాటరీ మన ఎండల్లో అంతకాలం నిలుస్తుందన్న హామీ లేదు, అలాంటి హామీని నమ్మి మూతకు తాళం వేసుకోలేం. ధర విషయంలో కూడా స్పష్టత కావాలి. సమంజసమైన ధర అని వదిలేస్తే అది ఎవరికి సమంజసమో కంపెనీయే నిర్ణయిస్తుంది. ఫోన్ అమ్మిన రోజునే విడి బ్యాటరీ గరిష్ఠ ధరను పెట్టె మీద ముద్రించాలి. ధరను తెలుసుకునే హక్కు 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చిన హక్కుల్లోనే ఉంది కనుక ఇది కొత్త కోరికేమీ కాదు.

ఈ నిబంధనలు చవక ఫోన్ల ధరను పెంచుతాయన్న భయం నిజమైనదే, దానిని తోసిపుచ్చను. స్క్రూలతో బిగించే మూత, గట్టి పెట్టెలో ఉండే బ్యాటరీ జిగురు కంటే కొంత ఖర్చే. ఆ ఖర్చును, రెండేళ్లకు బదులు నాలుగేళ్లు నడిచే ఫోన్‌తో కలిపి లెక్కవేయమని మాత్రం అడుగుతాను. ఫోన్ల తయారీ దేశం వదిలి వెళ్లిపోతుందన్న భయానికి అసలు ఆధారం లేదు. మొబైళ్ల తయారీలో మనది ప్రపంచంలో రెండో స్థానమని ప్రభుత్వమే చెబుతోంది. మన కొంగర కలాన్‌లోని ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో ఆపిల్ వైర్‌లెస్ ఇయర్‌ఫోన్లు తయారవుతున్నాయి. ఫోన్ కంటే ఇయర్‌ఫోన్ల పరిస్థితి అధ్వానం, గింజంత బ్యాటరీ బలహీనపడితే ఆ ఇయర్‌ఫోన్‌నే పారేయాల్సి వస్తుంది. 2027 తర్వాత యూరప్‌కు వెళ్లే సరుకు అక్కడి నిబంధనకు తగ్గట్టు చేయక తప్పదు. రంగారెడ్డి జిల్లా అమ్మాయిలు తమ చేతులతో బిగించిన వస్తువు యూరప్‌లో ఒక తీరుగా, ఇక్కడ మరో తీరుగా ఉండడాన్ని నేను ఒప్పుకోలేను.

రిపేరు పనివారి గురించి చట్టంలో ఒక్క మాటైనా ఉండాలి. బోరు మోటారు కాలితే వైండింగ్ చేయించుకుని మరో నాలుగు పంటలకు వాడుకునే రైతులున్న నేల ఇది. ఆ నైపుణ్యమే జగదీశ్ మార్కెట్‌లో మైక్రోస్కోపు కింద బోర్డు రిపేరు చేస్తోంది. వీరికి అసలైన బ్యాటరీ కొనే దారి లేనందువల్లే మార్కెట్లో పేరూ ఊరూ లేని నకిలీ బ్యాటరీలు నిండిపోయాయి. కంపెనీ తన అధీకృత సెంటర్‌కు ఇచ్చే ధరకే, ఇచ్చే సమాచారంతోనే బయటి షాపుకూ బ్యాటరీ ఇవ్వాలని చట్టం చెబితే నకిలీ సరుకు దానంతట అదే వెనక్కి తగ్గుతుంది. పాత లిథియం బ్యాటరీలను జాగ్రత్తగా నిల్వచేసి అప్పగించే శిక్షణ కూడా ప్రభుత్వమే ఇవ్వాలి. ఇప్పుడు అవి చెత్తబండిలోకి పోతున్నాయి.

పార్లమెంటు చట్టం వచ్చేదాకా రాష్ట్రం చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. అంగన్‌వాడీ కార్యకర్తలు పోషణ్ ట్రాకర్‌లో వివరాలు నింపేది స్మార్ట్‌ఫోన్‌లోనే. ప్రభుత్వ శాఖలు, పాఠశాలలు ఫోన్లూ ట్యాబ్లెట్లూ పెద్దసంఖ్యలో కొంటాయి. ఆ టెండర్లలో బ్యాటరీ మార్చుకునే వీలుండాలి, విడి బ్యాటరీలు ఐదేళ్లు అందించాలి అన్న రెండు షరతులు చేర్చడానికి ఏ కొత్త చట్టమూ అక్కర్లేదు, ఒక ప్రభుత్వ ఉత్తర్వు చాలు. ఈ మేరకు రాష్ట్ర సమాచార సాంకేతిక (ఐటీ) శాఖకు ఇవ్వడానికి వినతిపత్రం సిద్ధం చేశాం, బయట బల్ల మీద ఉంది, చదివి సంతకం చేయండి. విడి బ్యాటరీ లేదని, కొత్త ఫోన్ కొనుక్కోమని సర్వీసు సెంటర్‌లో చెబితే ఆ మాట కాగితం మీద రాసి ఇవ్వమనండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల రూపాయల లోపు విలువైన కేసులకు ఫీజు లేదు. ఇలాంటి ఫిర్యాదులు కాగితం మీద ఉంటేనే ఢిల్లీలో నిబంధనలు రాసేవారి ముందు పెట్టగలం.

ప్రశ్నలకు సమయం ఉంది. ముందుగా చివరి వరుసల్లోని రిపేరు మిత్రులు మాట్లాడాలని కోరుతున్నాను. ఏ మోడళ్లలో బ్యాటరీ తీయడం అన్నిటికంటే కష్టంగా ఉందో, ఏ బ్యాటరీలు అసలు దొరకడమే లేదో చెబితే, ఆ జాబితాను వినతిపత్రానికి జతచేస్తాం.